ఎటూ పోని గడ్డిపరక

అనగనగా, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఉప్పుటేరు ఉండేది. ఆ ఏటికి కాస్త తిక్క.

మామూలు ఏరయితే బుద్ధిగా ఒకేవైపు పారి ఊరుకుంటుంది. ఇది అలా కాదు. ఆటు తీసినప్పుడు ఊరినుంచి సముద్రానికి పారేది. పోటు ఎక్కినప్పుడు సముద్రంనుంచి ఊరికి పారేది. పొద్దున్న సాగనంపిన చెత్తే సాయంత్రం మళ్ళీ చుట్టపుచూపుగా వచ్చేది.

ఆ ఏటి ఒడ్డున మడపల్లి. మడపల్లిలో పెద్దవీధి ఒకటి, పీతలవాడ ఒకటి. రెండింటికీ కలిపి దేవుని మందిరం ఒక్కటే. ఆదివారం గంట కొడితే అందరూ వచ్చేవారు. అందరూ పాడేవారు. అందరూ ఒకరినొకరు "సహోదరా" అనుకునేవారు. అయితే పెద్దవీధి సహోదరులు లోపల బల్లలమీద కూర్చుని అనేవారు, పీతలవాడ సహోదరులు వసారాలో నిలబడి అనేవారు.

ఈ ఏర్పాటు సంఘపెద్ద జెకర్యాగారిది. తెల్లని లాల్చీ, భుజాన జరీ కండువా, వాటిమధ్య నిండైన పొట్ట. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఊళ్ళో పొయ్యిమీద కూరలు మాడిపోయేవి.

"ప్రభువు దృష్టిలో అందరమూ సమానమేనండీ," అనేవారు కండువా సర్దుకుంటూ. "కాకపోతే ప్రభువు ఇంకా రావలసి ఉంది. వచ్చేదాకా ఎవరి చోటు వాళ్ళది."

పీతలవాడలో నూకాలమ్మ అనే ముసలమ్మ ఉండేది. బురదలో చెయ్యిపెట్టి పీతలు పట్టడం ఆమె పని. మోకాళ్ళు పనిచెయ్యడం మానేసి, ఆ పని కూడా నోరే చేస్తున్న వయసు ఆమెది.

నూకాలమ్మకి ఒకటే కోరిక. ఆమె కూతురు రత్నం బాప్తిస్మం పుచ్చుకున్న ఏడాదికే జ్వరం వచ్చి పోయింది. మందిరం వెనక సమాధుల తోటలో, గన్నేరు చెట్టు కింద ఉంది. బాప్తిస్మం లేనివాళ్ళకి ఆ తోటలో చోటు లేదని జెకర్యాగారి కట్టడి. "బతికినన్నాళ్ళూ వసారాలో నిలబడ్డాను. పోయాకయినా నా పిల్ల పక్కన పడుకుంటాను," అనేది నూకాలమ్మ. అందుకోసం ఆమె ఏట్లో మునిగి లేవాలి. అంతే.

కానీ బాప్తిస్మం ఇచ్చే ఏలీయా అయ్యగారు ఏడాదికి ఒక్కసారే పడవమీద వచ్చేవారు. తెల్లవారుజామున పోటుమీద వచ్చి, సాయంత్రం ఆటు తీయగానే వెళ్ళిపోవాలి. ఆగితే పడవ బురదలో కూర్చుంటుంది. కిందటేడు నూకాలమ్మ మంచంపట్టి ఆ రోజు తప్పిపోయింది. వచ్చే ఏటికి ఉంటావా అని ఎవరైనా అడిగితే, "నా మోకాళ్ళని అడిగాను, నవ్వుతున్నాయి," అనేది.

అలా ఆ రోజు రానే వచ్చింది.

నూకాలమ్మ అందరికంటే ముందే కర్ర ఊతంతో ఏటి ఒడ్డుకి చేరి, సముద్రంవైపు పడున్న ఒక తాటిదుంగమీద కూర్చుంది. బురదలో బొరియలోంచి ఒక పీత తొంగిచూసింది. ఆ రోజుల్లో పీతలు మాట్లాడేవి. చిత్రం ఏమిటంటే, మనుషులు వినేవారు కూడా.

"ఏం నూకాలూ, బుట్ట తేలేదే?" అంది పీత.

"ఇవాళ నీ జోలికి రానులే. ఇవాళ నేను మునిగి లేచే రోజు."

"నేను రోజూ మునిగి లేస్తున్నాను. ఒక్కరూ విందు పెట్టలేదు," అని మూతి ముడుచుకుంది పీత.

ఇంతలో పెద్దవీధి కదిలి వచ్చింది. ముందు జెకర్యాగారు, వెనక బాప్తిస్మం పుచ్చుకోబోయే పిల్లలు, ఆ వెనక గొడుగులు, కుర్చీలు. పిల్లలందరూ తెల్లబట్టల్లో మల్లెమొగ్గల్లా ఉన్నారు. వాళ్ళలో జెకర్యాగారి మనవరాలు మార్తమ్మ కూడా ఉంది. ఇంకో పక్కనుంచి పీతలవాడ పిల్లలూ వచ్చారు. దూరంగా పొయ్యిమీద ప్రేమవిందుకి మాంసం ఉడుకుతోంది.

ఏలీయా అయ్యగారు అప్పటికే నడుములోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డారు. "రండమ్మా, రండి!" అని చేతులు చాపారు.

"ఒక్క నిమిషం అయ్యగారూ," అన్నారు జెకర్యాగారు. ఒక గడ్డిపరక తుంచి నీళ్ళలో వేశారు. అప్పుడు ఆటు వేళ. పరక చకచకా సముద్రంవైపు పోయింది.

"చూశారుగా. ఇటు ఊరివైపు పైన, అటు సముద్రంవైపు కింద. మా పిల్లలు పైన దిగుతారు. పీతలవాడవాళ్ళు కింద దిగాలి. వాళ్ళు మునిగిన నీళ్ళు మా పిల్లలమీదికి రాకూడదు కదండీ."

"మరి మీ పిల్లలు మునిగిన నీళ్ళు వాళ్ళమీదికి పోతాయి కదండీ?" అన్నారు అయ్యగారు.

"పోనివ్వండి. వాళ్ళకి మంచిదే."

అయ్యగారు ఆకాశంవైపు ఒకసారి చూసి, నిట్టూర్చారు. "జెకర్యాగారూ, ఎవరెక్కడ నిలబడతారో మీ ఇష్టం, నేను మాత్రం ఇక్కడినుంచి కదలను. సంఘమంతా కలిసి దిగితేనే ముంచుతాను. సగం సంఘాన్ని ముంచే బాప్తిస్మం నేను నేర్చుకోలేదు."

"అలాగే అలాగే. దిగేముందు ఒక చిన్న ప్రార్థన," అన్నారు జెకర్యాగారు.

చిన్న అన్న మాట వినగానే వంటవాళ్ళు పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగేశారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. జెకర్యాగారు తమ తాతగారిని ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించారు. తాతగారు మందిరానికి పెంకులు ఇచ్చినందుకు స్తుతించారు. నాన్నగారు గంట ఇచ్చినందుకు, ఆ గంట పెద్దదయినందుకు, పక్క ఊరి గంటకంటే పెద్దదయినందుకు స్తుతించారు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. కళ్ళు మూసుకున్నవాళ్ళకి ఏరు ఆగిందని తెలియలేదు. ఆగి, తిరిగిందనీ తెలియలేదు.

పీత బొరియలోకి నీళ్ళు వచ్చాయి. అది పక్కపక్కగా ఎక్కివచ్చి దుంగమీద నూకాలమ్మ పక్కన కూర్చుంది.

"ఆమెన్ ఎప్పుడు నూకాలూ?" అంది గుసగుసగా.

"ఇంకా వాళ్ళ నాన్నగారి దగ్గరే ఉన్నాడు. ఈయన పుట్టాలి, పెరగాలి. ఆగు," అంది నూకాలమ్మ.

ఎట్టకేలకు ఆమెన్ వచ్చింది. జెకర్యాగారు కళ్ళు తెరిచి, పాదాలకి చల్లగా తగిలితే కిందికి చూశారు. ఏరు ఉబ్బుతోంది. అనుమానం వచ్చి ఇంకో పరక వేశారు. అది నూకాలమ్మ దుంగవైపు పోకుండా, ఊరివైపు మళ్ళి నేరుగా వచ్చి మార్తమ్మ కాలికి చుట్టుకుంది.

ఆటుపోట్ల సంగతి మడపల్లిలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. జెకర్యాగారికీ తెలుసు. కానీ తమ ప్రార్థన అయ్యేదాకా అది ఆగుతుందని ఆయన అనుకున్నారు.

"ఇంతకీ పైదెటు? కిందదెటు?" అంది పీత, ఎవరినీ ప్రత్యేకంగా అడగనట్టు.

"ఏమే నూకాలూ!" అని అరిచారు జెకర్యాగారు. "నువ్వు కింద కదా ఉండాలి! పైకెప్పుడు పోయావు?"

"నేను కూర్చున్నచోటే కూర్చున్నాను బాబుగారూ. కిందదే నా దగ్గరనుంచి లేచిపోయింది."

పీతలవాడలో ఎవరో నవ్వబోయి దగ్గారు.

"సరే సరే. మీరంతా ఇటు రండి. మేం అటు వస్తాం."

"అయ్యో, ఈ మోకాళ్ళతోనా! ఇక్కడికి రావడానికే కోడి కూయకముందు బయల్దేరాను. మళ్ళీ అంతదూరం నడిస్తే బాప్తిస్మం అక్కర్లేదు, నన్ను తిన్నగా సమాధుల తోటకే మోసుకెళ్ళాలి. తమరే జరగండి బాబుగారూ. పైవాళ్ళు కదా, కాళ్ళు గట్టిగా ఉంటాయి."

మిగతా పీతలవాడ కూడా నూకాలమ్మ చుట్టూ చేరి కూర్చుంది. ముసలావిణ్ణి వదిలి ఎలా వస్తామండీ అంది, చాలా మర్యాదగా.

చేసేదిలేక పెద్దవీధి కదిలింది. కదలడమంటే మాటలు కాదు. మధ్యలో ఉప్పుబురదలో పెరిగే మడచెట్లు. మడచెట్ల కింద మోకాటిలోతు నల్లబురద. తెల్లబట్టల పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. తలమీద కుర్చీలు పెట్టుకున్నవాళ్ళు దిగారు. ముందు ఒక కుర్చీ దిగబడింది. దాన్ని లాగబోయి ఇంకో రెండు దిగబడ్డాయి. జెకర్యాగారి ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది, కుడికాలి చెప్పు దాన్ని వెతకడానికి వెళ్ళి అదీ ఉండిపోయింది. మార్తమ్మ జారి కూలబడింది, లేచింది, మళ్ళీ కూలబడింది. మూడోసారి లేవకుండా అక్కడే కూర్చుని, "తాతయ్యా, నేను ఇక్కడే పెళ్ళిచేసుకుని స్థిరపడతాను," అంది.

ఈసారి పీతలవాడలో ఎవరూ దగ్గలేదు. అందరూ హాయిగా నవ్వేశారు.

సముద్రంవైపుకి చేరేసరికి పెద్దవీధి మొత్తం నడుముదాకా నల్లగా, నడుముపైన మచ్చలుమచ్చలుగా ఉంది. నవ్వులు వినిపించి జెకర్యాగారి ముఖం ఎర్రబడింది. పెద్దమనిషికి పరువు పోయినప్పుడు తిరిగి తెచ్చుకునే దారి ఆయనకి ఒక్కటే తెలుసు.

"దిగేముందు," అన్నారు గొంతు సవరించుకుని, "మన సంఘ చరిత్రగురించి నాలుగు ముక్కలు."

వంటవాళ్ళు మాంసం గిన్నె దింపి పక్కన పెట్టేశారు.

ఆ నాలుగు ముక్కలు నాలుగు తరాలయ్యాయి. ఎండ పడమటికి వాలింది. నడుములోతున నిలబడ్డ అయ్యగారికి నీళ్ళు గుండెలదాకా వచ్చాయి. ఆయన రెండడుగులు ఒడ్డుకి జరిగి, ముడతలు పడిపోయిన తన వేళ్ళని ఎవరివో అన్నట్టు చూసుకున్నారు. వసారాలో నిలబడి ఆదివారాలన్నీ గడిపిన నూకాలమ్మకి ఎదురుచూడడం కొత్త కాదు. కానీ పడవ తాడు విప్పుతున్న చప్పుడు వినబడగానే ఆమె కర్ర దగ్గరికి లాక్కుంది.

"అయ్యగారూ!" అని కేకేశాడు పడవ సరంగు. "పోటు నిండిపోయిందండీ! ఆటు తీసిందంటే మనం ఉండం!"

నూకాలమ్మ మందిరంవైపు చూసింది. ఆ దుంగమీదినుంచి గన్నేరు చెట్టు కొన కనబడుతోంది. దాని పూలు గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి, రమ్మంటున్నట్టో వద్దంటున్నట్టో తెలియకుండా.

సరంగు కేక విన్న జెకర్యాగారు పరుగున వచ్చి మూడో పరక వేశారు.

పరక కదల్లేదు.

నిండిన ఏరు అద్దంలా నిలబడిపోయింది. ఇటు పారదు, అటు పారదు. పరక ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, బజ్జుంది. జెకర్యాగారు దాన్ని వేలితో తోశారు. అది వెళ్ళినట్టే వెళ్ళి తిరిగొచ్చి ఆయన కాలివేళ్ళకి ఆనుకుంది. ఆకు వేశారు. ఆకూ ఆగిపోయింది. ఆఖరికి భుజంమీది జరీ కండువా తీసి పరిచారు. అది కూడా నీళ్ళమీద రాజాలా పడుకుంది.

"ఇంతకీ పైదెటు? కిందదెటు?" అంది పీత.

"ఆగుదాం," అన్నారు జెకర్యాగారు చెమట తుడుచుకుంటూ. "ఏదో ఒకవైపు పారనివ్వండి."

"పారితే ఇక ఆటే!" అని అరిచాడు సరంగు. "ఆటులో నేను ఒక్క క్షణం ఆగను. పడవ బురదలో కూర్చుంటే తమరు వచ్చి ఎత్తుతారా?"

జెకర్యాగారు పడవవైపు చూశారు, పరకవైపు చూశారు. "ఎత్తలేను. అయితే వచ్చే ఏడు చూద్దాం," అన్నారు.

వచ్చే ఏడు అన్న మాట చెవిన పడగానే నూకాలమ్మ కర్ర ఆనించి లేచి నిలబడింది.

"బాబుగారూ, ఒక్క మాట అడుగుతాను. వసారా కిటికీలోంచి విన్నదాన్ని, తప్పుంటే తమరే దిద్దండి. మన ప్రభువు కూడా యొర్దానులో మునిగారు కదండీ?"

"మునిగారు."

"ఆ రోజు అదే ఏట్లో ఇంకెవరు మునుగుతున్నారండీ?"

"పాపులు. సుంకం వసూలుచేసేవాళ్ళు, సిపాయిలు, నానాజాతి జనం."

"మరి మన ప్రభువు వాళ్ళకి పైన నిలబడ్డారా, కింద నిలబడ్డారా?"

జెకర్యాగారు నోరు తెరిచారు. ప్రార్థన రాలేదు. చరిత్ర కూడా రాలేదు. కండువాకోసం ఉత్తభుజం తడుముకుని, "అది... గ్రంథంలో రాయలేదు," అన్నారు.

"రాయలేదండీ. నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు ఎవరూ గడ్డిపరక వెయ్యలేదు కాబోలు."

ఆ మాటకి ఫక్కున నవ్వింది మార్తమ్మ. జుట్టునుంచి గోళ్ళదాకా బురదతో ఆమె పీత బొరియలోంచి అప్పుడే లేచొచ్చినట్టు ఉంది.

"తాతయ్యా, ఒకసారి నన్ను చూడు, ఆమెని చూడు. పొద్దున్నుంచి కదలకుండా కూర్చుని ఆమె కడిగిన గిన్నెలా ఉంది. ఇప్పుడు ఎవరు మునిగిన నీళ్ళు ఎవరిమీదికి రాకూడదు?"

జవాబు కోసం ఆగలేదు. తప్పటడుగులు వేసుకుంటూ దుంగ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. పుట్టినప్పటినుంచి "నూకాలూ" అని పిలిచిన నోటితో, "అమ్మమ్మా, చెయ్యి ఇయ్యి. ఒక్కదాన్నే దిగితే మళ్ళీ జారిపడతాను," అంది.

నూకాలమ్మ ఆ బురదచేతిని చూసింది. చీరకొంగుతో తుడిచి మరీ పట్టుకుంది. "నువ్వు జారకుండా నేను పట్టుకుంటాను పాపా. నా మోకాళ్ళు జారకుండా నువ్వు పట్టుకో."

ఇద్దరూ దిగారు. అది చూసి పీతలవాడ పిల్లలు దిగారు. పెద్దవీధి పిల్లలు ఆకలికి ఆగలేక దూకేశారు. పైన లేదు, కింద లేదు, ముందు లేదు, వెనక లేదు. ఎవరి పక్కన ఎవరు ఉన్నారో చూసుకునే తీరిక లేదు. అయ్యగారు తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర ఒక్కొక్కరినే ముంచి లేపుతుంటే, ముడతలు పడిన ఆయన చేతులకి ఎక్కడలేని బలం వచ్చింది.

నూకాలమ్మ మునిగింది. నీళ్ళకింద పెద్దవీధి చప్పుడు లేదు, పీతలవాడ చప్పుడు లేదు. తన గుండె చప్పుడు ఒక్కటే వినబడింది. లేచి, కళ్ళు తుడుచుకుని, గన్నేరు చెట్టువైపు తిరిగి, "చోటు ఉంచు రత్నం. తొందరేం లేదు," అంది.

ఒడ్డున జెకర్యాగారు ఒక్కరే మిగిలారు.

"మార్తా! అటు కాదే, ఇటు! కాదు, అటే!" అంటూ రెండువైపులకీ ఒకేసారి చెయ్యి చూపించబోయి, బురదలో కాలు జారి, నిండు పొట్టతో జారుడుబల్లమీదినుంచి వచ్చినట్టు సర్రున వచ్చి ఏట్లో పడ్డారు. పడి, మునిగి, సరిగ్గా నూకాలమ్మ పక్కన లేచారు. నెత్తిమీద ఆ మూడో గడ్డిపరక.

"జెకర్యాగారూ!" అన్నారు అయ్యగారు నవ్వు ఆపుకుంటూ. "మీకు ఇదివరకే అయింది కదండీ?"

"చిన్నప్పుడే అయిందండీ," అన్నారు ఆయన నీళ్ళు కక్కుతూ.

"అప్పుడు సరిగ్గా తడవలేదు కాబోలు."

జెకర్యాగారు ఒడ్డెక్కబోయారు. బురద మళ్ళీ జార్చింది. అటూ ఇటూ చూశారు. అందుబాటులో ఉన్న చెయ్యి ఒక్కటే. అది నూకాలమ్మది. చాపి ఉంది.

ఒక క్షణం ఆగి, ఆ చెయ్యి పట్టుకున్నారు. "మెల్లిగా, నూకా... నూకాల..." అని తడుముకుని, "నూకాలమ్మా," అన్నారు.

ఏరు అప్పుడే కదిలింది. అందరి ఒంటిమీది బురదనీ కలిపి మూటకట్టుకుని సముద్రానికి పట్టుకుపోయింది. ఆ ఆటుమీదే అయ్యగారి పడవా సాగిపోయింది.

ప్రేమవిందు చల్లారిపోయింది, అయినా ఎవరూ వంక పెట్టలేదు. కుర్చీలన్నీ మడచెట్ల కిందే పాతుకుపోయాయి కాబట్టి అందరూ నేలమీదే, ఒక్క వరసలోనే కూర్చున్నారు.

మరుసటి ఆదివారంనుంచి నూకాలమ్మ మందిరం లోపల, మొదటి బల్లమీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులకి బల్ల మంచిదని మార్తమ్మ తీర్పు. వసారా ఖాళీ అయింది, అక్కడ చెప్పులు విడవడం మొదలుపెట్టారు. జెకర్యాగారు ప్రార్థనలో తాతగారి దగ్గరికి చేరగానే నూకాలమ్మ ఒకసారి దగ్గేది. వెంటనే ఆమెన్ వచ్చేది. ఊళ్ళో కూరలు మాడడం మానేశాయి.

ఇక పీత సంగతి. బాప్తిస్మం అయిన మర్నాడే నూకాలమ్మ బుట్టతో బురదలోకి దిగింది. పీత తొంగిచూసి, "సహోదరీ!" అంది తీయగా.

"ఆ మాట మనుషులమధ్యే నిన్నగాక మొన్న కుదురుకుంది. నువ్వు బుట్టలోకి రా," అంది నూకాలమ్మ.

పీత నవ్వి, ముందుకీ కాదు వెనక్కీ కాదు, పక్కకి జారుకుంది. కథ కూడా దాని వెనకే బొరియలో దూరింది. పిల్లలూ, అది దూరేముందు చెప్పిపోయిన మాట ఇది: ఒకే నీళ్ళలో మునిగి లేచినవాళ్ళలో పైవాళ్ళూ కిందివాళ్ళూ ఉండరు, ఉన్నారని ఇంకా అంటున్నవాడు ఆ నీళ్ళలోకి దిగనేలేదు.